రోహిణి కార్తెలో 22 సీపీయూలు: స్టాటిక్ దెబ్బ మీద ఒక కేస్ స్టడీ

"మన వైపు స్టాటిక్ ఎక్కడిదబ్బా, ఉక్కపోతకే చస్తుంటే!" ఈ మాట నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. స్టాటిక్ అంటే రాపిడి వల్ల ఒంటి మీదా, వస్తువుల మీదా చేరే కరెంటు చార్జి. ఒంగోల్లో డెస్క్‌టాప్‌ల రిపేరు మొదలుపెట్టి 17 ఏళ్లు అయింది. అందులో 15 ఏళ్లు ఒంట్లోని చార్జిని దించే పట్టీ చేతికి లేకుండా, కంప్యూటర్ మెమరీ పలకలు, అదే ర్యాములు, చొక్కా జేబులో వేసుకుని తిరిగినవాడినే. కొత్తపట్నం వెళ్తే సముద్రం. గాలిలో ఎప్పుడూ తేమే. స్టాటిక్ అంటే ఢిల్లీ చలికాలంలోనో, అమెరికా వాళ్ల తివాచీల మీదో వచ్చే బాధ అనుకునేవాడిని.

ఆ నమ్మకం ముప్పాతిక వంతు నిజమే. మిగిలిన పావు వంతు ఎక్కడుందో ఒక బడి కంప్యూటర్ ల్యాబులో తెలిసింది. నా జేబులోంచి డబ్బు పోయింది కాబట్టి బాగానే గుర్తుంది.

పని ఏమిటంటే

ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లే కర్నూలు రోడ్డు మీద ఒక ప్రైవేటు బడి. గ్రానైటు లారీలు రాత్రీ పగలూ తిరిగే దారి అది. ల్యాబులో 22 డెస్క్‌టాప్‌లు, అన్నీ ఒకే లాటులో కొన్నవి. పాత ఐ3 ప్రాసెసర్, ఒక్కోదానికి 4 జీబీ డీడీఆర్3 ర్యాము ఒకటి, డిస్‌ప్లే మదర్‌బోర్డులోనే. ఏడాదికోసారి సెలవుల్లో సర్వీసు మాదే. జూన్ 12న బడి తెరుస్తారు, కాబట్టి పని మే నెలాఖరుకు పడుతుంది. అంటే సరిగ్గా రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ అంటారే, అదే.

అక్కడి దుమ్ము ఇంటి దుమ్ములా మెత్తగా, బూజులా ఉండదు. బూడిద రంగు సన్నటి రాతిపొడి. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల సందుల్లో దిగి, కాస్త తేమ తగిలితే సిమెంటులా బిగుసుకుంటుంది. పైపైన ఊదితే పోదు. బ్లోయర్ పెట్టాలి, బ్రష్ పెట్టాలి, ఫ్యాను విప్పాలి. ల్యాబు లోపల ఇవన్నీ చేస్తే గదంతా దుమ్ము. అందుకని సీపీయూలన్నీ వరండాలోకి తెచ్చి అక్కడే చేయడం మా అలవాటు.

ఆ ఏడాది మొదటి రోజు నేను వేరే పని మీద కందుకూరు వెళ్లాను. మా కుర్రాడు ఒక్కడే ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా 12 సీపీయూలు చేశాడు. నా దగ్గర మూడేళ్లుగా ఉన్నాడు, చెయ్యి మంచిది, తొందరపాటు లేదు. రాత్రి ఫోన్ చేసి, "అన్నా, ఆ వరండాలో మధ్యాహ్నం కూర్చోవడం నావల్ల కాదు, వడదెబ్బ తగిలేట్టుంది" అన్నాడు. సరేనని రెండో రోజు సాయంత్రం 6 దాటాక ఇద్దరం వెళ్లాం, రాత్రి 10 గంటలకు మిగతా 10 పూర్తి చేశాం.

అన్నీ బిగించి ఆన్ చేసి చూస్తే, రెండో రోజు చేసిన 10 లక్షణంగా ఉన్నాయి. మొదటి రోజు చేసిన 12లో రెండింటికి డిస్‌ప్లే లేదు, బీప్ కొడుతున్నాయి. ఇంకోదానికి నెట్ రావడం లేదు. బడి తెరిచిన రెండు వారాలకు ఆ 12లోదే నాలుగోది ఉన్నట్టుండి నీలం తెర చూపించి రీస్టార్ట్ అవుతోందని ఫోన్ వచ్చింది.

మా వృత్తిలో అందరికీ తెలిసిన మాటే ఆఫీసు రూములో వినిపించింది: "మీరు ముట్టుకోక ముందు బానే ఉన్నాయండీ." దీనికి మా అందరి దగ్గరా ఉండే జవాబు, "పాతవి కదా సార్, ఎప్పుడో ఒకప్పుడు పోతాయి." ఈసారి ఆ జవాబు నోటిదాకా వచ్చి ఆగింది. ఎందుకంటే ల్యాబు మేడం పద్ధతిగల మనిషి. సెలవులు ఇచ్చే ముందు 22 సిస్టమ్‌లూ ఆన్ చేసి, ఒక్కోదాని ఎదురుగా టిక్కు పెట్టి, సంతకం చేసిన రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టింది. 12లో నాలుగు, 10లో సున్నా. పాతబడి పోయేవయితే మొదటి రోజు వాటిలోనే ఎందుకు పోతాయి?

ఏది పోయింది, ఏది పోలేదు

ముందు లెక్క సరిచేసుకోవాలి. నెట్ రాని సీపీయూని స్టాటిక్ ఖాతాలో వేసి రెండు రోజులు తిరిగాను. తీరా టార్చి వేసి చూస్తే ల్యాన్ సాకెట్ లోపల బ్రష్ వెంట్రుక ఒకటి ఇరుక్కుని రెండు పిన్నులు పక్కకు వంగి ఉన్నాయి. పిన్నుసూదితో సరిచేస్తే లైటు వెలిగింది. ముందే అనుమానం పెట్టుకుంటే ప్రతి జబ్బుకూ అదే కారణంలా కనిపిస్తుంది. కాబట్టి నాలుగు కాదు, మూడు.

డిస్‌ప్లే లేని రెండింటి ర్యాములు తీసి మంచి ర్యాము పెట్టాను, రెండు బోర్డులూ లేచాయి. తీసిన ర్యాములు షాపులో మరో మూడు బోర్డుల్లో పెట్టి చూశాను, ఎక్కడా గుర్తించలేదు. నాలుగోదాన్ని రాత్రంతా మెమ్‌టెస్ట్‌లో, అంటే ర్యామును మళ్లీ మళ్లీ పరీక్షించే ప్రోగ్రాములో ఉంచాను. మొదటి పాసులో ఏమీ లేదు. రెండో పాసు నుంచి ప్రతిసారీ ఒకే చోట ఎర్రర్లు. అంటే చిప్పులో ఒక మూల దెబ్బతింది, మిగతాది పనిచేస్తోంది. పూర్తిగా చచ్చిన ర్యాము కంటే నాకు దీంతోనే భయం. చచ్చింది వెంటనే తెలుస్తుంది. సగం దెబ్బ తిన్నది రెండు వారాలు పనిచేసి, పరీక్ష మధ్యలో పిల్లవాడి ఫైలు మింగి, మన మీదికి వైరస్ అనే అపవాదు తెస్తుంది.

స్టాటిక్ వల్లే పోయిందని చిప్పు పగలగొట్టి మైక్రోస్కోపులో చూస్తే తప్ప రుజువు చేయలేం. ఆ సౌకర్యం నాకు లేదు. నేను చేయగలిగింది, మిగతా కారణాలను ఒక్కొక్కటే పక్కకు తీసేయడం. ర్యాము కాళ్ల మీది బంగారు పూత అరిగిపోయేలా రబ్బరు రుద్దాడా? భూతద్దంలో చూశాను, పూత ఉంది. తిరగేసి బలవంతంగా నొక్కాడా? గాడి చెక్కు చెదరలేదు. కరెంటు ఉండగా పీకాడా? సీపీయూలు వరండాలో ఉన్నాయి, వాటి పవర్ వైర్లు ల్యాబులోనే ఉన్నాయి. ఇవన్నీ పోగా మిగిలింది, 15 ఏళ్లుగా నేను లేదని చెప్పుకుంటూ వచ్చిందే.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. మనిషి ఒళ్లు చార్జి దాచుకునే ఒక చిన్న కెపాసిటర్ లాంటిది. పరీక్షల కోసం దాన్ని 100 పికోఫ్యారడ్లుగా, చర్మపు అడ్డంకిని 1500 ఓమ్‌లుగా తీసుకుంటారు. చుర్రుమని మనకు తెలియాలంటే ఒంటి మీద సుమారు 3000 వోల్టులు ఉండాలి. అంతకు తక్కువైతే ఏమీ అనిపించదు. కానీ సున్నితమైన చిప్పులు 100, 200 వోల్టులకే దెబ్బతింటాయి. మధ్యలో ఉన్న ఆ ఖాళీలోనే మన ఖర్మంతా ఉంది. "నాకేం షాక్ కొట్టలేదు కదన్నా" అని మా వాడు అన్నది నిజమే. 2000 వోల్టులతో ముట్టుకున్నా వాడికి తెలియదు, ర్యాముకు తెలుస్తుంది. ఆ కరెంటు ఉండేది సెకనులో కోటో వంతుకు కాస్త అటూ ఇటూ. 2000 వోల్టులను 1500 ఓమ్‌లతో భాగిస్తే ఒక ఆంపియరు పైనే. చిప్పు లోపల ట్రాన్సిస్టరు గేటు కింద ఉండే పొర మందం కొన్ని నానోమీటర్లు. దానికి ఆ క్షణం చాలు.

బోర్డుకు బిగించి ఉన్న ర్యాము కొంత క్షేమం, దాని చుట్టూ కరెంటు పోవడానికి వేరే దారులు ఉంటాయి. ఊడదీసి చేతిలో పట్టుకున్నదానికి ఆ దారులు లేవు. పళ్లలా ఉండే ఆ బంగారు పూత కాళ్లు నేరుగా చిప్పు పిన్నులకే పోతాయి. అందుకే ఆ రోజు బోర్డులు బతికాయి, ర్యాములు పోయాయి.

తప్పు అనుమానం: ఏసీ

మొదట నేను ఏసీని తప్పుపట్టాను. ఏసీ గది పొడిగా ఉంటుంది, సీపీయూలు అక్కడి నుంచి వచ్చాయి, నేల మీద పీవీసీ మ్యాట్ ఉంది, ఇంకేం కావాలి? అయితే రెండో రోజు సీపీయూలూ అదే గదిలోంచి వచ్చినవేగా. అనుమానం తీరక చిన్న డిజిటల్ తేమ మీటరు కొన్నాను, నాలుగు వందలకు కాస్త అటూ ఇటూ. కార్తె పోకముందే, అంటే నాలుగోదాని ఫోన్ ఇంకా రాకముందే, ఒక రోజు దాన్ని తీసుకుని మళ్లీ ఆ బడికి వెళ్లాను. వాచ్‌మన్ నన్ను అదోలా చూశాడు.

మధ్యాహ్నం 3 గంటలకు ఏసీ వేసిన ల్యాబులో 47 శాతం. వరండాలో 21.

రెండుసార్లు చూశాను, మీటరు పాడైందేమోనని చొక్కా కిందపెట్టి ఊది చూశాను. మీటరు బాగానే ఉంది. తర్వాత ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. వేడి గాలి ఎక్కువ నీటిని పట్టగలదు, కాబట్టి అంతే నీరు ఉన్నా శాతం తక్కువ చూపిస్తుంది. అదే గాలిని చల్లబరిస్తే శాతం పెరుగుతుంది. ఏసీ కొంత నీటిని పీల్చి బయటకు కారుస్తుంది, అది నిజమే. అయినా మే నెల మధ్యాహ్నం మన వైపు వీచే పడమటి గాలి ముందు ఏసీ గదే నయం. ఆ గాలి సముద్రం మీదుగా రాదు. నల్లమల అవతలి నుంచి ఎండిన నేలల మీదుగా వస్తుంది. దానివల్లే వడదెబ్బలు, దానివల్లే ఉతికిన బట్టలు అరగంటలో ఆరేది. "ఎండ మండిపోతోంది గానీ చెమట పట్టడం లేదు" అని పెద్దవాళ్లు అంటారే, ఆ రోజులే. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతోందని అర్థం.

సాయంత్రం ఆరున్నరకు గాలి తిరిగింది. తూర్పు నుంచి చల్లగా, కాస్త జిగటగా వచ్చింది. అరగంటలో మీటరు 58 చూపించింది. ఏడుంబావుకు 63.

ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలో ఎప్పటి నుంచో వాడే ఒక పట్టిక ఉంది. వినైల్ నేల మీద నడిస్తే ఒంటి మీద చేరే వోల్టేజీ, తేమ 10 నుంచి 25 శాతం ఉంటే 12,000 దాకా, 65 నుంచి 90 శాతం ఉంటే 250. బల్ల మీది నుంచి పాలిథీన్ కవరు ఎత్తితే పొడి గాలిలో 20,000, తడి గాలిలో 1,200. ఈ అంకెలు చాలా ఏళ్ల కిందటే చదివాను. చదివి, "తడి గాలి, అంటే మనమే" అని పుస్తకం మూసేశాను. అదే ఊరు, అదే వరండా మధ్యాహ్నం ఒక వరుసలో ఉండి, రాత్రికి ఇంకో వరుసలోకి మారుతుందని తట్టలేదు. పైగా మాకు సర్వీసు పనులన్నీ ఏ నెలలో వస్తాయి? బళ్లు, కాలేజీలు మూసి ఉండే మే నెలలో. ఏడాదిలో పది నెలలు మనల్ని కాపాడే తేమ, సరిగ్గా పని ఎక్కువ ఉన్న నెలలో, పని చేసే వేళలోనే ఉండదు.

చీర కవర్లు

తేమ లేకపోవడం ఒక్కటే కారణమైతే 12లో 12 పోవాలి కదా. మా వాడిని కూర్చోబెట్టి ఆ రోజు ఏమేం చేశాడో మొదటి నుంచి చెప్పమన్నాను. తిట్టడానికి కాదని ముందే చెప్పాను, లేకపోతే నిజం బయటికి రాదు.

వాడు చెప్పింది ఇది. పాలియెస్టర్ టీషర్టు, రబ్బరు చెప్పులు, బడిలోని ప్లాస్టిక్ కుర్చీ. ఒక్కో సీపీయూ విప్పి ర్యాము తీశాడు. ర్యాములు ఒకదానికొకటి కలిసిపోకుండా, ఏ సిస్టమ్‌ది దానికే పెట్టాలని, ఇంటి నుంచి తెచ్చిన కవర్లలో వేసి మీద మార్కర్‌తో నంబరు రాశాడు. వాళ్లమ్మ ఇంట్లో చీరలు అమ్ముతుంది. అవి చీరలు వచ్చే గలగలలాడే పలచని కవర్లు! ముందు నాకు నవ్వు వచ్చింది, తర్వాత బాధ వేసింది. వాడు చేసింది నేను కూడా చేయని పద్ధతైన పని. వస్తువే తప్పు.

తర్వాత బ్లోయర్‌తో ఊదాడు, నైలాన్ పెయింటింగ్ బ్రష్‌తో తుడిచాడు. ర్యాము కాళ్లు పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ అదే కవర్లో వేశాడు. 12 అయ్యాక అన్నీ ఒకేసారి బిగించాడు. కవరు పట్టుకుని దులిపితే ర్యాము చేతిలో పడుతుంది, దాన్ని తెచ్చి స్లాటులో నొక్కడం.

"మరి నేను చెప్పింది? ముందు క్యాబినెట్ ముట్టుకోమన్నాను కదా?"

"ముట్టుకున్నా అన్నా. ప్రతి దానికీ ముట్టుకున్నా."

ముట్టుకున్నాడు, అబద్ధం కాదు. పొరపాటు నేను నేర్పిన దాంట్లోనే ఉంది. క్యాబినెట్ ముట్టుకుంటే ఆ క్షణానికి మన ఒళ్లూ ఆ క్యాబినెట్టూ ఒకే స్థాయికి వస్తాయి. అక్కడితో సరి. వాడు ముట్టుకుని, లేచి, రబ్బరు చెప్పులతో నాలుగడుగులు వేసి, కవర్ల కుప్ప దగ్గరికి వెళ్లి, ఒకటి దులిపి, తిరిగి వచ్చి కూర్చుని, ర్యాము నొక్కాడు. మొదటి ముట్టుకోవడం ఈపాటికి ఎప్పుడో పాతబడింది. పైగా చార్జి వాడి ఒంటి మీదే ఉండాలని లేదు. పాలిథీన్‌లో రాపిడి పడ్డ ర్యాముకే చార్జి ఎక్కుతుంది. అలా ఎక్కినది స్లాటులోని లోహానికి తగలగానే ఒక్కసారిగా దిగుతుంది. ఇందులో మనిషి ఒంటితో సంబంధమే లేదు, చేతికి పట్టీ ఉన్నా జరగొచ్చు. ప్లాస్టిక్‌ని ఎర్తు చేయలేం, దానికి వైరు తగిలించినా చార్జి కదలదు. దూరంగా పెట్టడం ఒక్కటే దారి. బోర్డుకు కనీసం 30 సెంటీమీటర్ల దూరం అని పరిశ్రమలో పాటిస్తారు.

ఇది ఊహేనా, నిజంగానే జరుగుతుందా అని అదే వరండాలో చిన్న పరీక్ష చేశాం. థర్మోకోల్ షీటు గిల్లి గింజలు రాల్చి, చీర కవరు ఒకసారి టీషర్టుకు రుద్ది దగ్గర పెట్టాం. 3 గంటలకు గింజలు ఎగిరి అంటుకుని, దులిపినా రాలేదు. రాత్రి 8కి అదే కవరు, అదే గింజలు, నాలుగైదు మాత్రం బద్ధకంగా కదిలాయి. ఇంకోటి, కరెంటు టెస్టరు. అందులో ఉండేది నియాన్ దీపం, వెలగడానికి వంద వోల్టుల లోపు చాలు. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి, టెస్టరు టోపీ మీద వేలు పెట్టి, మొన నీళ్ల కుళాయికి తగిలిస్తే చీకటి గదిలో చిన్న మెరుపు కనిపించాలి. మధ్యాహ్నం పదిసార్లలో ఎనిమిదిసార్లు కనిపించింది. కిటికీలు మూసిన స్టోర్‌రూములో, చెమటలు కారుతుంటే, ఇద్దరం పిల్లల్లా లేస్తూ కూర్చుంటూ చేశాం. రాత్రి ఒక్కసారి కూడా వెలగలేదు. ఎన్ని వోల్టులో ఈ టెస్టరు చెప్పదు. ఉందో లేదో చెబుతుంది, మా పనికి అంతకంటే అక్కర్లేదు.

రెండో రోజు కవర్లు వాడలేదా అంటే, వాడాం. అదే కవర్లు, అదే బ్రష్. కానీ ఆ సాయంత్రం ఆయా వరండా అంతా నీళ్లు పోసి కడిగింది. నేల తడిగా ఉందని ఇద్దరం చెప్పులు విప్పేశాం. సిమెంటు నేల మీద వట్టి కాళ్లు ఉంటే ఒంట్లో చార్జి నిలవదు, దిగిపోతుంది. అంటే గాలి తిరగడం వల్ల బతికామా, ఆయా చీపురు వల్ల బతికామా, చెప్పులు విప్పడం వల్లా? విడదీసి చెప్పలేను. మూడూ కలిశాయి. పాతకాలం కంప్యూటర్ సెంటర్లలో "చెప్పులు బయట విడువుము" అని రాసి ఉండేది గుర్తుందా? దుమ్ము కోసమే పెట్టారు. మ్యాట్ లేని చోట తెలియకుండా ఈ మేలు కూడా జరిగి ఉంటుంది.

ఎర్తు సంగతి

సీపీయూలు బిగించేటప్పుడు ఇంకో విషయం బయటపడింది. దీనివల్ల ర్యాములు పోలేదు గానీ చెప్పకపోతే ఈ కేసు సగమే అవుతుంది. క్యాబినెట్‌కు టెస్టరు పెడితే వెలుగుతోంది. పిల్లలు ఎప్పటి నుంచో "సార్, చీమ కుట్టినట్టు ఉంటోంది" అంటున్నారట. మల్టీమీటరు పెట్టాను: ఫేజుకూ న్యూట్రల్‌కూ 228 వోల్టులు, క్యాబినెట్‌కూ నీళ్ల కుళాయికీ మధ్య 96.

ఇది స్టాటిక్ కాదు. సీపీయూకు కరెంటు ఇచ్చే డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, లోపల ఫిల్టరు కోసం ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండు చిన్న కెపాసిటర్లు క్యాబినెట్‌కు కలిపి ఉంటాయి. ఎర్తు ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ రెండింటికీ నడుమ, అంటే 115 వోల్టుల చుట్టుపక్కల వేలాడుతుంది. మీటరు తనూ కొంత లాగుతుంది కాబట్టి 96 చూపింది. ప్రాణం తీసేంత కరెంటు కాదు. కానీ ఎర్తు లేదని చెప్పే గుర్తు అది, లోపల ఇంకేదైనా చెడితే కాపాడేది లేదని అర్థం.

మా వాళ్లలో చాలామందికి ఒక కిటుకు తెలుసు: ప్లగ్గు సాకెట్లోనే ఉంచి, స్విచ్ ఆపి, క్యాబినెట్ ముట్టుకుంటూ పని చేస్తే ఎర్తు దొరుకుతుందని. ఎర్తు నిజంగా ఉన్న చోట అది పని చేస్తుంది. మన ఊళ్లలో మూడో రంధ్రం ఉంటే చాలదు, దాని వెనక వైరు ఉండాలి. ఈ ల్యాబులో డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గర ఎర్తు వైరు అసలు బిగించనే లేదు, చుట్ట చుట్టి వదిలేశారు. స్విచ్ ఫేజును కాకుండా న్యూట్రల్‌ను తెంచేలా వైరింగ్ చేసి ఉంటే ఇంకా ఘోరం. ఆపామని మనం అనుకుంటాం, ఫేజు లోపలిదాకా వస్తూనే ఉంటుంది. అందుకే నేను ఆ కిటుకు మానేశాను. ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి, మిగిలిన చార్జి పోయాకే మూత తీయడం. ఎర్తు లేకపోయినా ఫరవాలేదు. మన ఒళ్లూ, క్యాబినెట్టూ, చేతిలోని ర్యామూ ఒకే స్థాయిలో ఉంటే చాలు, దెబ్బ ఉండదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి వైరు బిగించాడు. ఎర్తు గొయ్యిలో ఉప్పూ బొగ్గూ ఎండిపోయి బీటలు వారి ఉన్నాయి, పది బిందెల నీళ్లు పోయించాడు. స్టాటిక్ దిగడానికి అంత మంచి ఎర్తు అక్కర్లేదు, అడ్డంకి మెగా ఓమ్‌లలో ఉన్నా దిగుతుంది. కానీ షాక్ నుంచి కాపాడాలంటే కావాలి. ఎండాకాలం పూల కుండీలకు పోసినట్టు ఎర్తు గొయ్యికీ నాలుగు చెంబులు పోస్తే ఎవరి సొమ్మూ పోదు.

ఆ తర్వాత మా పని

మూడు ర్యాములు నేనే కొని వేశాను. పాత మార్కెట్ ర్యాములే అయినా, రెండుసార్లు తిరగడంతో కలిపి ఆ ఏడాది ఆ బడి సర్వీసులో నాకు మిగిలింది ఏమీ లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఏ సామానూ అక్కర్లేనిది: అవసరం లేకుండా ర్యాము తీయడం మానేశాం. సర్వీసు అంటే అన్నీ ఊడదీసి పెట్టడం అనే మొహమాటం ఒకటి మాకు ఉంది, కస్టమరు చూస్తుంటాడు కదా. బాగా పని చేస్తున్న ర్యామును తీసి రబ్బరుతో రుద్దడం వల్ల ఒరిగేది లేదు. రుద్దితే పూత అరుగుతుంది, చార్జి పుడుతుంది, రబ్బరు పొడి స్లాటులో పడుతుంది. డిస్‌ప్లే రాని చోట కాళ్లు తుడవాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు గుడ్డ, ఆరాక బిగించడం. తీసిన ర్యాము పోయేది స్టాటిక్‌ను ఆపే వెండి రంగు కవర్లోకి, మదర్‌బోర్డులు కొన్నప్పుడు వచ్చేవి దాచిపెడుతున్నాం. ఇంకో రకం, గులాబీ రంగు కవరు, తనంతట తను చార్జి పుట్టించదు, కానీ బయటి దెబ్బను ఆపదు. ఈ తేడా నాకూ ఆలస్యంగానే తెలిసింది. ఒక్కో సీపీయూ పూర్తిగా అయ్యాకే రెండోది. కుప్పలు పెట్టడం లేదు.

చేతి పట్టీ వైరు ఉన్నదే. వైరు లేని పట్టీలని ఆన్‌లైన్లో అమ్ముతున్నారు, అవి మణికట్టుకు అందం తప్ప ఎందుకూ పనికిరావు, చార్జి పోవడానికి దారే లేదు. వైరు పట్టీలో ఒక మెగా ఓమ్ రెసిస్టరు ఉంటుంది. పొరపాటున 230 వోల్టులు తగిలినా పావు మిల్లీ ఆంపియరుకు మించి పోకుండా. నెలకోసారి మల్టీమీటరుతో చూస్తాం, తెగిన పట్టీ కట్టుకుంటే ధీమా ఎక్కువ, రక్షణ సున్నా. క్లిప్పు పెట్టేది రంగు లేని స్క్రూ దగ్గర. క్యాబినెట్ మీద పౌడర్ కోటింగ్ ఉన్న చోట పెడితే పెట్టనట్టే. మొదట్లో మా వాడు ఆ పట్టీని "ఎద్దుకు ముకుతాడు" అన్నాడు, ఇప్పుడు అది లేకపోతే వాడే వెతుకుతాడు.

బ్లోయర్ మానలేదు, ఆ రాతిపొడికి అది లేకుండా కుదరదు. ఫ్యాను రెక్కలు వేలితో పట్టుకుని ఊదుతాం, వదిలేస్తే ఫ్యాను గిర్రున తిరిగి తనే చిన్న జనరేటరవుతుంది, బేరింగూ పోతుంది. ప్లాస్టిక్ ముక్కు బోర్డుకు ఆనించకుండా జానెడు పైనుంచి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ గొట్టం లోపల పెట్టడం అసలు వద్దు. నైలాన్ బ్రష్ తీసేసి సహజ వెంట్రుకల బ్రష్ తెచ్చాం.

చెప్పుల సంగతిలో మాత్రం ఒక జాగ్రత్త. ప్లగ్గు పీకి ఉన్నంతసేపే వట్టి కాళ్లు. ఆన్ చేసి పరీక్షించే ముందు పట్టీ విప్పాలి, చెప్పులు వేసుకోవాలి. స్టాటిక్‌కు మంచిది కరెంటుకు చెడ్డది, ఈ రెండూ కలిపేస్తే ర్యాము బతుకుతుంది గానీ మనిషి పోతాడు.

తేమ మీటరు ఇప్పుడు పనిముట్ల సంచిలో ఉంటుంది. 40 కంటే తక్కువ చూపిస్తే వరండాలో లోపలి భాగాలు విప్పం. బయట దుమ్ము ఊదేసి, విప్పే పని లోపలో, సాయంత్రమో. తప్పనిసరైతే ముందు నేల కడిగిస్తాం. మొన్న మే నెలలో మళ్లీ అదే బడి, అదే 22 సీపీయూలు. అన్నీ లేచాయి, నెల తర్వాత కూడా ఫోన్ రాలేదు. ఒక్క ఏడాదితో గెలిచామని చెప్పను.

కొటేషన్లో ఇప్పుడు ఒక లైను చేర్చాను: మే, జూన్ నెలల్లో సీపీయూలు విప్పే పని సాయంత్రం 6 తర్వాతే. మొన్న చీమకుర్తిలో ఒక గ్రానైటు ఆఫీసు ఆయన అది చదివి కళ్లజోడు పైకి నెట్టుకుని, "దుమ్ము దులపడానికి కూడా ముహూర్తమా అబ్బాయ్?" అన్నారు. అవునన్నాను. గాలి తిరగ్గానే మొదలుపెడతామన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూసి, "అయితే ఇంకో గంట కూర్చో, టీ తెప్పిస్తా" అన్నారు.